ఆఫీసు ప్రాక్సీ వెనక నుంచి గిట్: ఏ దారి ఎవరికి సరిపోతుంది

బ్రౌజర్‌లో గిట్‌హబ్ పేజీ టక్కున తెరుచుకుంటుంది. అదే రెపోని (ప్రాజెక్ట్ కోడ్, దాని హిస్టరీ ఉన్న నిల్వని) గిట్ అనే వెర్షన్ కంట్రోల్ టూల్‌తో టెర్మినల్‌లో క్లోన్ చేయబోతే, అంటే మన మెషీన్‌లోకి తెచ్చుకోబోతే, ఉలుకూ పలుకూ ఉండదు. కాసేపటికి కనెక్షన్ టైమౌట్ అని వస్తుంది. కంపెనీ నెట్‌వర్క్‌లో పనిచేసేవాళ్లలో చాలామందికి తెలిసిన తలనొప్పే ఇది. సలహాలకేం కొదవ లేదు. ఒకరు ఎస్‌ఎస్‌హెచ్‌కి (కీతో లాగిన్ అయ్యే ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్‌కి) మారిపొమ్మంటారు, ఒకరు ప్రాక్సీ సెట్టింగ్ పెట్టమంటారు, ఇంకొకరు సర్టిఫికెట్ చెకింగే ఆపేయమంటారు. పక్క సీటువాళ్లకి పనిచేసిన చిట్కా మనకి పనిచేయదు. వాళ్లని ఆపింది ఒకటి, మనల్ని ఆపుతున్నది ఇంకొకటి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి సరైన దారి హెచ్‌టీటీపీఎస్. అదీ కంపెనీ ప్రాక్సీ గుండానే, కంపెనీ సర్టిఫికెట్‌ని గిట్‌కి సరిగ్గా పరిచయం చేసి. 443 పోర్ట్ మీద ఎస్‌ఎస్‌హెచ్ రెండో దారి. టీమ్ మొత్తం ఇదే ఇబ్బంది పడుతుంటే లోపలే ఒక మిర్రర్ (బయటి రెపోల నకలు) పెట్టుకోవడం మేలు. బయటి నెట్‌వర్క్‌తో సంబంధమే లేని చోట బండిల్ ఫైళ్లు (రెపోని ఒకే ఫైల్‌గా కట్టినవి) ఉన్నాయి. వీటిలో మీకు ఏది నప్పుతుందో తేలాలంటే ముందు అడ్డం ఎక్కడుందో కనిపెట్టాలి.

ఎక్కడ ఆగుతోంది?

ఫైర్‌వాల్, ప్రాక్సీ రెండూ వేర్వేరు. ఫైర్‌వాల్ పోర్టుల్ని మూస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ నడిచే 22, గిట్ సొంత ప్రోటోకాల్ వాడే 9418, గిట్ లాంటిదే ఇంకో టూల్ సబ్‌వర్షన్ సొంత సర్వర్ వాడే 3690, ఇవన్నీ చాలా కంపెనీల్లో బయటికి మూసే ఉంటాయి. కొన్నిచోట్ల 443 కూడా నేరుగా పోనివ్వరు. బయటికి వెళ్లే ప్రతి కనెక్షనూ ప్రాక్సీ సర్వర్‌ని అడిగే వెళ్లాలి. బ్రౌజర్‌కి ఆ ప్రాక్సీ ఎక్కడుందో ఆఫీసు పాలసీ ద్వారానో, ఏ సైట్‌కి ఏ ప్రాక్సీ వాడాలో చెప్పే ప్యాక్ (పీఏసీ) ఫైల్ ద్వారానో ముందే తెలుసు. గిట్ ఆ ప్యాక్ ఫైల్‌ని చదవదు. అందుకే బ్రౌజర్ వెళ్లిన దారిలో గిట్ వెళ్లలేకపోతుంది.

ఎర్రర్ మెసేజ్‌ని ఓపిగ్గా చదివితే సగం పని అయిపోయినట్టే. 'కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్' అని వచ్చిందంటే గిట్ ప్రాక్సీని అసలు వాడట్లేదు, సొంతంగా బయటి పేరు వెతకబోయి దొరక్క ఆగిపోయింది. 22 పోర్ట్ దగ్గర టైమౌట్ అయితే ఫైర్‌వాల్ పని. ప్రాక్సీ నుంచి 407 వస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోందని అర్థం. 403 వస్తే మీరెవరో దానికి తెలుసు, అయినా ఆ సైట్‌కో ఆ పోర్ట్‌కో పర్మిషన్ లేదు. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే 407 మీరు సరిచేసుకోగలిగింది, 403 నెట్‌వర్క్ టీమ్ మాత్రమే సరిచేయగలిగింది. 'అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్' అని వస్తే ప్రాక్సీ దాటారు, సర్టిఫికెట్ దగ్గర ఆగారు. క్లోన్ మొదలై మధ్యలో 'ఎర్లీ ఈఓఎఫ్' అని తెగిపోతే అప్పుడు సైజు, టైమ్ లిమిట్ల సంగతి చూడాలి.

మెసేజ్ అర్థం కాకపోతే గిట్_ట్రేస్_కర్ల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇచ్చి మళ్లీ క్లోన్ కొట్టండి. తెర నిండా వరదలా వచ్చిపడుతుంది కానీ అందులో చూడాల్సినవి నాలుగే. మొదట గిట్ ఎవరికి కనెక్ట్ అవుతోంది, ప్రాక్సీకా లేక నేరుగా గిట్‌హబ్‌కా? తర్వాత 'కనెక్ట్' అనే రిక్వెస్ట్ లైన్ ఉందా? దానికి జవాబుగా 200 వచ్చిందా, 407 వచ్చిందా, 403 వచ్చిందా? చివరగా సర్టిఫికెట్ వివరాల్లో 'ఇష్యూయర్' అన్నచోట ఎవరి పేరుంది? అక్కడ పేరున్న సర్టిఫికెట్ సంస్థకి బదులు మీ కంపెనీ పేరో, సెక్యూరిటీ ప్రొడక్ట్ పేరో కనిపిస్తే మీ ట్రాఫిక్‌ని మధ్యలో విప్పి చూస్తున్నారన్నమాట. ఈ అవుట్‌పుట్‌ని ఎవరికైనా పంపే ముందు అందులో మీ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు సైట్ ఇచ్చే రహస్య కోడ్) గానీ పాస్‌వర్డ్‌గానీ లేవని ఒకసారి చూసుకోండి.

హెచ్‌టీటీపీఎస్, ప్రాక్సీ గుండా

ఇది ఎందుకు మొదటి ఎంపికో చెప్పాలంటే ప్రాక్సీ పనిచేసే తీరు కాస్త తెలియాలి. హెచ్‌టీటీపీఎస్ సైట్‌కి వెళ్లాలంటే గిట్ ముందుగా ప్రాక్సీకి 'కనెక్ట్' అనే రిక్వెస్ట్ పంపుతుంది: ఫలానా హోస్ట్, 443 పోర్ట్, దారి ఇవ్వు అని. ప్రాక్సీ సరే అంటే ఒక టన్నెల్ తెరుచుకుంటుంది. ఆ తర్వాత లోపల నడిచేదంతా సీలు వేసిన కవరే, ప్రాక్సీ దాన్ని అటూ ఇటూ అందిస్తుందంతే. చాలా ప్రాక్సీలు 443కి తప్ప ఇంకే పోర్ట్‌కీ ఈ దారి ఇవ్వవు. హెచ్‌టీటీపీఎస్‌కి కావలసింది సరిగ్గా అదే.

ఎస్‌ఎస్‌హెచ్ వేగం, హెచ్‌టీటీపీఎస్ నత్తనడక అని ఇప్పటికీ కొందరు అంటుంటారు. అది పాతకాలపు మాట. 2009 చివర్లో వచ్చిన గిట్ 1.6.6తో 'స్మార్ట్ హెచ్‌టీటీపీ' వచ్చింది. అంతకుముందు హెచ్‌టీటీపీ మీద ఫైళ్లు ఒక్కొక్కటిగా దిగేవి కాబట్టి నిజంగానే నెమ్మది. ఆ తర్వాత నుంచి ఎస్‌ఎస్‌హెచ్ లాగే కావలసిన వాటిని మాత్రమే ఒక ప్యాక్‌గా కట్టి పంపుతుంది.

సెటప్‌లో చాలామంది తడబడేది ఒక చిన్న పేరు దగ్గర. గిట్ కాన్ఫిగ్‌లో 'హెచ్‌టీటీపీ.ప్రాక్సీ' అనే సెట్టింగ్ ఒక్కటే ఉంది. హెచ్‌టీటీపీఎస్ సైట్లకీ అదే. 'హెచ్‌టీటీపీఎస్.ప్రాక్సీ' అని ఇంకోటి పెట్టినా గిట్ ఏమీ అనదు, పట్టించుకోదు కూడా. చాలా చిట్కాల్లో రెండూ పెట్టమని ఉంటుంది, రెండోది దండగ. అలాగే ప్రాక్సీ అడ్రస్ మామూలుగా హెచ్‌టీటీపీతోనే మొదలవ్వాలి. మీరు వెళ్లే సైట్ హెచ్‌టీటీపీఎస్ కదా అని ప్రాక్సీ అడ్రస్‌కి కూడా ఎస్ తగిలిస్తే, ప్రాక్సీతోనే ఎన్‌క్రిప్టెడ్‌గా మాట్లాడమని చెప్పినట్టవుతుంది. అందుకు సిద్ధంగా లేని ప్రాక్సీ దగ్గర కనెక్షన్ మొదట్లోనే చతికిలబడుతుంది.

కాన్ఫిగ్‌లో పెట్టాలా, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టాలా అన్నది మీరు ఎక్కడ కూర్చుని పనిచేస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆఫీసు డెస్క్ దాటని మెషీన్ అయితే కాన్ఫిగ్ చాలు. లాప్‌టాప్ ఇంటికీ ఆఫీసుకీ తిరుగుతుంటే వేరియబుల్స్ మేలు, ఒక చిన్న స్క్రిప్ట్‌తో వేసుకోవచ్చు, తీసేయొచ్చు. పైగా కర్ల్, పిప్ లాంటి మిగతా టూల్స్ కూడా అవే చదువుతాయి. పేర్లు చిన్న అక్షరాల్లోనే పెట్టండి. మామూలు హెచ్‌టీటీపీ ప్రాక్సీ వేరియబుల్‌ని కర్ల్ లైబ్రరీ చిన్న అక్షరాల్లో ఉంటేనే చదువుతుంది, గిట్ లోపల వాడేది ఆ లైబ్రరీనే. రెండూ ఉంటే కాన్ఫిగ్‌దే పైచేయి. ఎప్పుడో కాన్ఫిగ్‌లో పెట్టి మరిచిపోయిన ప్రాక్సీ ఇంట్లో గిట్‌ని పనిచేయనివ్వకపోవడం అందుకే.

లోపలి సర్వర్లకి ప్రాక్సీ అక్కర్లేదు. 'నో_ప్రాక్సీ' వేరియబుల్‌లో వాటి డొమైన్ రాయండి. లేదా గిట్ కాన్ఫిగ్‌లోనే సైట్‌వారీగా ప్రాక్సీ ఇవ్వొచ్చు. 'హెచ్‌టీటీపీ' తర్వాత సైట్ అడ్రస్, ఆ తర్వాత 'ప్రాక్సీ' అని రాస్తే ఆ సైట్‌కి మాత్రమే అది వర్తిస్తుంది. నాకు ఈ రెండో పద్ధతే ఇష్టం. ఏ సైట్‌కి ఏ దారో ఫైల్ తెరవగానే కనిపిస్తుంది.

ప్రాక్సీ పాస్‌వర్డ్ అడిగితే

పాస్‌వర్డ్‌ని ప్రాక్సీ అడ్రస్‌లోనే ఇరికించడం అందరూ చేసే పని. దాంతో మూడు చిక్కులున్నాయి. పాస్‌వర్డ్‌లో @ ఉంటే గిట్ దాన్ని హోస్ట్ పేరు ముందు వచ్చే గుర్తు అనుకుని తికమక పడుతుంది, దాని బదులు %40 అని రాయాలి. # ఉంటే %23. రెండో చిక్కు, కాన్ఫిగ్ ఫైల్‌లో అది పచ్చిగా కనిపిస్తుంది. మూడోదే అసలు టెన్షన్ పెట్టేది: మీరు ఆఫీసు పాస్‌వర్డ్ మార్చుకున్నాక కాన్ఫిగ్‌లో పాతదే ఉండిపోతుంది. ఎడిటర్ వెనకాల తనంతట తాను ఫెచ్ చేస్తున్న (కొత్త మార్పులు తెచ్చుకుంటున్న) ప్రతిసారీ తప్పు పాస్‌వర్డ్ వెళ్తుంది, చివరికి మీ అకౌంటే లాక్ అవుతుంది. ఎందుకు లాక్ అయిందో హెల్ప్‌డెస్క్‌కీ అంతుపట్టదు. అడ్రస్‌లో యూజర్‌నేమ్ మాత్రమే ఇచ్చి వదిలేస్తే, పాస్‌వర్డ్‌ని గిట్ తన క్రెడెన్షియల్ హెల్పర్ (పాస్‌వర్డ్‌ల సంగతి చూసుకునే టూల్) ద్వారా అడుగుతుంది. అది ఎంతో నయం.

విండోస్ డొమైన్ ఉన్న చోట ప్రాక్సీ ఎన్‌టీఎల్‌ఎమ్‌గానీ కెర్బరోస్‌గానీ అనే లాగిన్ పద్ధతిని అడగొచ్చు. 2016లో వచ్చిన గిట్ 2.8 నుంచి 'హెచ్‌టీటీపీ.ప్రాక్సీఆథ్‌మెథడ్' అనే సెట్టింగ్ ఉంది, అందులో ఏ పద్ధతో చెప్పొచ్చు. కెర్బరోస్ టికెట్ సరిగ్గా ఉన్న మెషీన్‌లో 'నెగోషియేట్' పెడితే పాస్‌వర్డ్ ప్రస్తావనే రాదు. దానికి వీలైతే అదే చేయండి.

వీలుకాకపోతే మీ మెషీన్‌లోనే ఒక చిన్న లోకల్ ప్రాక్సీ నడుపుకోవాలి. గిట్ దానితో మాట్లాడుతుంది, లాగిన్ గొడవ అది చూసుకుంటుంది. ఈ పనికి ఎక్కువగా వినిపించేవి సీఎన్‌టీఎల్‌ఎమ్, పీఎక్స్. రెండూ మామూలుగా 3128 పోర్ట్ మీద వింటాయి. సీఎన్‌టీఎల్‌ఎమ్ పాతది, చిన్నది. పాస్‌వర్డ్ బదులు దాని హ్యాష్‌ని (పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టిన కోడ్‌ని) ఫైల్‌లో పెట్టుకుంటుంది, కాబట్టి పాస్‌వర్డ్ మారిన ప్రతిసారీ హ్యాష్ మళ్లీ తయారుచేయాలి. హ్యాష్ కదా అని ఆ ఫైల్‌ని నిర్లక్ష్యం చేయకండి, ఎన్‌టీఎల్‌ఎమ్‌లో హ్యాష్ చేతికొస్తే పాస్‌వర్డ్ వచ్చినట్టే. పీఎక్స్ విండోస్‌లో లాగిన్ అయి ఉన్న యూజర్‌నే వాడుకుంటుంది, ఏ పాస్‌వర్డూ దాచదు, ప్యాక్ ఫైల్‌ని కూడా చదువుతుంది. విండోస్ మీద పనిచేసేవాళ్లు పీఎక్స్ తీసుకోవడమే మంచిదని నా ఉద్దేశం. ఏది వాడినా సొంత మెషీన్‌కి మాత్రమే వినేలా పెట్టండి. నెట్‌వర్క్ అంతటికీ తెరిచి పెడితే పక్కవాళ్లు బ్రౌజ్ చేసిందంతా మీ పేరు మీద నమోదవుతుంది.

సర్టిఫికెట్ దగ్గర తొందరపడొద్దు

ఇందాక సీలు వేసిన కవరు అన్నాను. ట్రాఫిక్‌ని తనిఖీ చేసే ప్రాక్సీ ఆ కవరుని విప్పి చూసి, తన సీలు వేసి పంపుతుంది. ఆ సీలుని నమ్మమని చెప్పే కంపెనీ రూట్ సర్టిఫికెట్ ఆఫీసు మెషీన్లలో ముందే ఉంటుంది కాబట్టి బ్రౌజర్ కొత్త సీలుని ఒప్పుకుంటుంది. గిట్‌కి ఆ సీలు ఎవరిదో తెలియక ఆగిపోతుంది. గిట్ చేస్తున్నది తప్పు కాదు, చేయాల్సిన పనే చేస్తోంది.

ఇక్కడే 'ఎస్‌ఎస్‌ఎల్‌వెరిఫై ఫాల్స్' అనే సలహా ఎదురవుతుంది. దయచేసి అది చేయకండి. హెచ్‌టీటీపీఎస్‌లో మీ టోకెన్ ప్రతి రిక్వెస్ట్‌తోనూ హెడర్‌లో వెళ్తుంది. చెకింగ్ ఆపేస్తే, మధ్యలో కూర్చున్న ఎవరైనా నేనే గిట్‌హబ్ అని చెప్పి దాన్ని తీసుకోవచ్చు. గ్లోబల్ కాన్ఫిగ్‌లో పెట్టి మరిచిపోతే, రేపు ఏదో పబ్లిక్ వైఫైలో కూర్చున్నప్పుడు కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది. పని జరిగిపోతుంది కాబట్టి ఎవరికీ గుర్తు రాదు, అందుకే అది మరింత ప్రమాదం.

సరైన పద్ధతి పెద్ద కష్టమేం కాదు. విండోస్‌లో గిట్‌కి 'ఎస్‌ఎస్‌ఎల్‌బ్యాకెండ్' అనే సెట్టింగ్ ఉంది. దాన్ని 'ఎస్‌చానెల్' అని మారిస్తే గిట్ విండోస్ సర్టిఫికెట్ స్టోర్‌నే చూస్తుంది, కంపెనీ సర్టిఫికెట్ అక్కడ ఎలాగూ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా ఈ ప్రశ్న వస్తుంది, చదవకుండా నెక్స్ట్ కొట్టేస్తాం. లినక్స్‌లో రూట్ సర్టిఫికెట్‌ని సిస్టమ్ స్టోర్‌లో చేర్చడం మంచిది, గిట్‌తో పాటు మిగతా టూల్స్ చాలావాటికి ఒకేసారి తెలుస్తుంది. అడ్మిన్ హక్కులు లేకపోతే 'హెచ్‌టీటీపీ.ఎస్‌ఎస్‌ఎల్‌సీఏఇన్ఫో'లో ఫైల్ దారి ఇవ్వండి. కానీ జాగ్రత్త, ఆ ఫైల్ గిట్‌కి ముందున్న జాబితాకి అదనంగా చేరదు, దాని స్థానంలో కూర్చుంటుంది. మీ ప్రాక్సీ కొన్ని సైట్లని మాత్రమే విప్పి చూస్తుంటే, విప్పని సైట్లన్నీ అప్పుడు ఫెయిల్ అవుతాయి. పాత జాబితానీ కంపెనీ సర్టిఫికెట్‌నీ ఒకే ఫైల్‌లో కలిపి, ఆ ఫైల్‌ని చూపించాలి.

ప్రోగ్రామ్‌ని మిగతా మెషీన్‌తో కలవకుండా విడిగా నడిపే డాకర్ కంటైనర్‌కి తన సర్టిఫికెట్ స్టోర్ వేరే ఉంటుంది. లాప్‌టాప్‌లో సాఫీగా నడిచిన క్లోన్ బిల్డ్‌లో ఆగిపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

టోకెన్ విషయం ఇంకొకటి. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకి అకౌంట్ పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది, టోకెన్ కావాలి. తనిఖీ చేసే ప్రాక్సీకి ఆ టోకెన్ కూడా కనిపిస్తుంది. కాబట్టి ఒకటో రెండో రెపోలకే పరిమితమై, కొన్నాళ్లకి గడువు తీరిపోయే టోకెన్ తీసుకోండి. మీ సొంత ప్రాజెక్టుల తాళాలన్నీ ఉన్న టోకెన్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌లో వాడకండి.

పెద్ద రెపోలు, పక్క హోస్ట్‌లు

పుష్ (మన మార్పుల్ని సర్వర్‌కి పంపడం) సైజు 1 మెగాబైట్ దాటితే గిట్ దాన్ని ముక్కలుగా, చంక్డ్ పద్ధతిలో పంపుతుంది. కొన్ని పాత ప్రాక్సీలకి అది అర్థం కాదు. 'హెచ్‌టీటీపీ.పోస్ట్‌బఫర్' పెంచమనే సలహా పుట్టింది ఇక్కడే. ఈ ఒక్క చిక్కుకి అది మందు. క్లోన్ తెగిపోవడానికి దానితో సంబంధం లేదు, ఎంత పెంచినా మెమరీ తినడం తప్ప లాభం ఉండదు. క్లోన్ తెగిపోతుంటే 'డెప్త్ 1'తో తెచ్చుకుని తర్వాత విడతలుగా హిస్టరీ పెంచుకోండి. లేదా పార్షియల్ క్లోన్ చేయండి, ఫైళ్ల పాత వెర్షన్లు అవసరమైనప్పుడే దిగుతాయి.

గిట్‌హబ్ డాట్ కామ్‌కి పర్మిషన్ ఇచ్చాం కదా అని నెట్‌వర్క్ టీమ్ అంటుంది, అయినా జిప్ దిగదు, ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు (గిట్ విడిగా దాచే పెద్ద ఫైళ్లు) రావు. జిప్‌లు 'కోడ్‌లోడ్' అనే వేరే హోస్ట్ నుంచి వస్తాయి, మిగతా డౌన్‌లోడ్లలో కొన్ని 'గిట్‌హబ్‌యూజర్‌కంటెంట్' డొమైన్ నుంచి వస్తాయి, పెద్ద ఫైళ్లు ఇంకో స్టోరేజీ సర్వర్‌లో ఉండొచ్చు. పర్మిషన్ అడిగేటప్పుడే ఇవన్నీ కలిపి అడగాలి.

సబ్‌మాడ్యూల్స్ (రెపో లోపల వాడే ఇతర రెపోలు) ఎస్‌ఎస్‌హెచ్ అడ్రస్‌లతో ఉంటే 'ఇన్‌స్టెడ్‌ఆఫ్' సెట్టింగ్ ప్రాణదాత. ఫలానా అడ్రస్ కనిపించినప్పుడల్లా దాని బదులు ఇది వాడు అని గిట్‌కి చెప్పొచ్చు. ప్రాజెక్ట్ ఫైళ్లని ముట్టుకోకుండానే అన్నీ హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లుతాయి.

ఎస్‌ఎస్‌హెచ్ ఎప్పుడు

22 పోర్ట్ తెరిచి ఉన్న ఆఫీసు అయితే ఎస్‌ఎస్‌హెచ్ హాయిగా వాడుకోండి, ఆలోచించాల్సిందేం లేదు. మూసి ఉంటే 443 మీద ప్రయత్నించొచ్చు. గిట్‌హబ్‌కి ఎస్‌ఎస్‌హెచ్ అనే సబ్‌డొమైన్, గిట్‌ల్యాబ్‌కీ బిట్‌బకెట్‌కీ ఆల్ట్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే సబ్‌డొమైన్ 443 మీద వింటాయి. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో హోస్ట్ పేరు, పోర్ట్ మార్చి రాస్తే రెపో అడ్రస్‌లు మార్చక్కర్లేదు.

443 నేరుగా తెరిచి లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ప్రాక్సీకమాండ్ అనే సెట్టింగ్ పెట్టి ప్రాక్సీ గుండా పంపాలి. నెట్‌క్యాట్, కార్క్‌స్క్రూ ఆ పని చేస్తాయి. విండోస్ గిట్‌తో కనెక్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా వస్తుంది. ఎన్‌టీఎల్‌ఎమ్ అడిగే ప్రాక్సీతో ఇవి నేరుగా నెగ్గుకురావడం కష్టం, వాటిని పీఎక్స్ లాంటి లోకల్ ప్రాక్సీ వైపు తిప్పాలి.

హెచ్‌టీటీపీఎస్ కంటే దీని బలం ఎక్కడంటే, మధ్యలో ఎవరూ విప్పి చూడలేరు. సర్టిఫికెట్ గొడవ లేదు, టోకెన్ గడువు గొడవ లేదు, ప్రైవేట్ కీ మీ మెషీన్ దాటి వెళ్లదు. బలహీనత కూడా అదే. ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ మొదలవ్వగానే నేను ఎస్‌ఎస్‌హెచ్‌ని అని పచ్చిగా చెప్పుకుంటుంది. 443లో టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వాడే ఎన్‌క్రిప్షన్) కోసం చూసే ప్రాక్సీ ఇది వేరే ఏదో అని గుర్తుపట్టి తెంపేస్తుంది. తనిఖీ గట్టిగా ఉన్న ఆఫీసుల్లో ఇది పనిచేయకపోవడానికే అవకాశం ఎక్కువ. పనిచేసినా, ఎస్‌ఎస్‌హెచ్‌లో ఇంకేదైనా దాచి పంపొచ్చు కాబట్టి సెక్యూరిటీవాళ్లకి అది నచ్చదు. నెట్‌వర్క్ టీమ్‌కి చెప్పి వాడితే పేచీ లేదు. చెప్పకుండా వాడితే ఒకరోజు లాగ్‌లో కనిపించి, సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు హోస్ట్ కీ (సర్వర్ గుర్తింపు) ఫింగర్‌ప్రింట్ చూపిస్తుంది. సర్వీసువాళ్ల అధికారిక పేజీలో ఉన్న దానితో సరిపోల్చాకే యెస్ అనండి. గిట్‌హబ్ 2023 మార్చిలో తన ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీ మార్చింది. పాత మెషీన్లలో ఇప్పటికీ పెద్ద వార్నింగ్ వస్తే కారణం అదై ఉండొచ్చు, అప్పుడు కూడా సరిపోల్చాకే పాత కీ తీసేయాలి. ప్రాక్సీ ఊరికే ఉన్న కనెక్షన్లని తెంపేస్తుంటే 'సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్' 60 సెకన్లు పెట్టండి.

గిట్ సొంత ప్రోటోకాల్, 9418 మీద నడిచేది, ఇక మరిచిపోవచ్చు. దానిలో ఎన్‌క్రిప్షన్ లేదు, గిట్‌హబ్ 2022 మార్చిలో దాన్ని పూర్తిగా ఆపేసింది.

సబ్‌వర్షన్, మెర్క్యూరియల్ వాడేవాళ్లకి

సబ్‌వర్షన్ హెచ్‌టీటీపీ మీద నడిచినప్పుడు వెబ్‌డావ్ వాడుతుంది. అంటే మామూలు గెట్, పోస్ట్‌లతో పాటు ప్రాప్‌ఫైండ్, రిపోర్ట్, మెర్జ్ లాంటి మెథడ్స్ కూడా పంపుతుంది. వాటిని గుర్తించని ప్రాక్సీ అడ్డుపడుతుంది. చెకౌట్ మొదట్లోనే ఆగితే ఇదే అనుమానించండి. సర్వర్‌కి హెచ్‌టీటీపీఎస్ ఉంటే దానికి మారితే చాలు, ఆ మెథడ్స్ టన్నెల్ లోపల ఉంటాయి కాబట్టి విప్పి చూడని ప్రాక్సీకి తెలియవు. సబ్‌వర్షన్ ప్రాక్సీ వేరియబుల్స్‌ని చదవదు, దాని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో 'సర్వర్స్' అనే ఫైల్‌లో హోస్ట్, పోర్ట్ రాయాలి. మెర్క్యూరియల్‌కి దాని కాన్ఫిగ్‌లో ప్రాక్సీకోసం ఒక సెక్షన్ ఉంది, వేరియబుల్‌ని కూడా చదువుతుంది.

గిట్‌హబ్ రెపోలోంచి ఒక్క ఫోల్డర్ తెచ్చుకోవడానికి సబ్‌వర్షన్ వాడే అలవాటున్నవాళ్లకి 2024 జనవరి 8 నుంచి ఆ దారి లేదు. గిట్‌లో స్పార్స్ చెకౌట్ (కావలసిన ఫోల్డర్లని మాత్రమే తెచ్చుకునే పద్ధతి) నేర్చుకోండి.

లోపలి మిర్రర్, బండిల్

పదిమంది పది లాప్‌టాప్‌లలో ఇదే కుస్తీ పడుతుంటే, పర్మిషన్ ఉన్న ఒక్క సర్వర్ బయటి రెపోలని మిర్రర్‌గా తెచ్చి పెట్టడం, మిగతా అందరూ లోపల నుంచే తెచ్చుకోవడం ఎంతో సుఖం. ప్రాక్సీ, టోకెన్, సర్టిఫికెట్ గొడవ ఒకేచోట ఒకేసారి తేలిపోతుంది. బయటి సర్వీసు కాసేపు పడిపోయినా బిల్డ్‌లు ఆగవు. 'ఇన్‌స్టెడ్‌ఆఫ్' వాడితే ప్రాజెక్ట్‌లలో బయటి అడ్రస్‌లు అలాగే ఉన్నా గిట్ లోపలికే వెళ్తుంది. దీనికి ఒక బాధ్యుడు మాత్రం ఉండాలి. ఎవరూ చూడని మిర్రర్ అప్‌డేట్ ఆగిపోయి, సెక్యూరిటీ ఫిక్స్ బయట వచ్చినా లోపల పాత కోడే బిల్డ్ అవుతూ ఉంటుంది. బయటి ప్రాజెక్ట్‌లకి కమిట్లు పంపేవాళ్లకి ఇది ఒక్కటే చాలదు కూడా.

నెట్‌వర్క్ పూర్తిగా విడిగా ఉన్న చోట గిట్ బండిల్. రెపోని హిస్టరీతో సహా ఒకే ఫైల్‌గా కడుతుంది. అనుమతి ఉన్న పద్ధతిలో ఆ ఫైల్‌ని లోపలికి తీసుకెళ్లి, వెరిఫై చేసి, దాన్నుంచే క్లోన్ చేయొచ్చు. తర్వాతిసారి గత ట్యాగ్ నుంచి కొత్తగా వచ్చినవే కట్టొచ్చు, ఫైల్ చిన్నగా ఉంటుంది. ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు, హుక్స్ (కమిట్ లాంటి పనులప్పుడు తమంతట తాము నడిచే స్క్రిప్ట్‌లు) అందులో రావు, వాటిని విడిగా తీసుకెళ్లాలి. బండిల్‌కి బదులు వెబ్ పేజీ నుంచి జిప్ దించుకోవడం చదవడానికైతే సరే. హిస్టరీ లేని ఫోల్డర్‌లో మార్పులు చేస్తూ పోతే, తర్వాత వాటిని రెపోలో కలపడం నరకం.

బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్లు ఒకట్రెండు లైన్లు దిద్దడానికి బాగుంటాయి. వెబ్‌సాకెట్లని తెంపే ప్రాక్సీ వెనక వాటిలోని టెర్మినల్ మొరాయిస్తుంది.

నెట్‌వర్క్ టీమ్‌ని అడిగేటప్పుడు

ఫోన్ హాట్‌స్పాట్‌కి ఆఫీసు మెషీన్ తగిలించడం, ఎవరిదో తెలియని టన్నెల్ సర్వర్ గుండా కంపెనీ కోడ్ పంపడం, ఈ రెండూ నా జాబితాలో లేవు. కోడ్ ఎటు వెళ్లిందో కంపెనీకి తెలియకుండా పోతుంది, ఉద్యోగం మీదికి వస్తుంది. 403 వచ్చిందంటే అడగాల్సినవాళ్లని అడగాల్సిందే.

'గిట్ పనిచేయట్లేదు' అని టికెట్ వేస్తే వారం తర్వాత 'బ్రౌజర్‌లో పనిచేస్తోంది కదా' అని మూసేస్తారు. బదులుగా ఇలా రాయండి: నా మెషీన్ పేరు ఇది, ఈ తేదీన ఈ సమయానికి ఫలానా ప్రాక్సీ నుంచి 443 పోర్ట్‌కి కనెక్ట్ రిక్వెస్ట్ పంపితే 403 వచ్చింది. కావలసిన హోస్ట్‌లు ఇవి. పని ఫలానా ప్రాజెక్ట్‌ది, మేనేజర్ అనుమతి జతచేశాను. క్లోన్, ఫెచ్ మాత్రమే కావాలా, పుష్ కూడా కావాలా అన్నది విడిగా రాయండి. తెచ్చుకోవడానికి ఒప్పుకునేవాళ్లు కూడా పంపడానికి ఒకపట్టాన ఒప్పుకోరు. కంపెనీ రూట్ సర్టిఫికెట్ ఫైల్ ఎక్కడ దొరుకుతుందో అదే టికెట్‌లో అడిగేయండి. సమయం రాస్తే వాళ్లు లాగ్‌లో మీ లైన్‌ని వెంటనే పట్టుకుంటారు, సగం ఆలస్యం అక్కడే తగ్గుతుంది.

జవాబు వచ్చేలోపు పని ఆపుకోనక్కర్లేదు. రెపో ఒక్కసారి మెషీన్‌లోకి వచ్చాక బ్రాంచ్, కమిట్, డిఫ్, లాగ్ అన్నీ నెట్ లేకుండానే నడుస్తాయి. అర్జెంటుగా సహోద్యోగికి ఇవ్వాల్సింది ఉంటే 'ఫార్మాట్-ప్యాచ్'తో కమిట్లని ఫైళ్లుగా తీసి ఆఫీసు మెయిల్‌లో పంపండి. వాళ్లు 'గిట్ ఏఎమ్' కొడితే మీ పేరు, కమిట్ మెసేజ్ చెక్కుచెదరకుండా వాళ్ల రెపోలో చేరతాయి.